మా అత్తమ్మ ఊరి సున్నపురాయి

ఎల్బీ నగర్ నుంచి నాగోల్ వెళ్లే రోడ్డు మీద బండల దుకాణాలు వరసగా ఉంటాయి. మా వెనక బాల్కనీలో బట్టలుతికే చోట టైల్స్ లేచిపోతే, ఈసారి రాతి బండలే వేయిద్దామని నేనూ మా అత్తమ్మా ఒక దుకాణానికి వెళ్లాం. దుకాణదారు మర్యాద తెలిసినవాడు. ముందు కుర్చీలు వేయించాడు, తర్వాత పాఠం మొదలుపెట్టాడు.

"గిది షాబాద్, గిది తాండూరు. గది కోటా. ఆ నల్లగున్నది కడప బండ. అన్నీ అలగ్ అలగ్ మేడం. షాబాద్ జర సాదా ఉంటది. తాండూరు ఏస్తే ఇంటికి లుక్ ఒస్తది."

"షాబాద్, తాండూరు రెండూ ఒకటే రాయి," అన్నాను.

"ఎట్ల ఒకటైతయ్ మేడం? రంగు చూడున్రి."

రంగు చూసి రాయికి పేరు పెట్టేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నాది రాళ్ల శాఖలో ఉద్యోగం. ఏ రాయి ఏ పొరలోది, ఆ పొరకు ఆ పేరు ఎవరు పెట్టారు, పెట్టడానికి వాళ్ల దగ్గర సరైన కారణం ఉందా లేదా చూడటం నా పని. షాబాద్ దగ్గర కనిపించే సున్నపురాయి పొరే తాండూరు దాకా వస్తుంది. మధ్యలో రెండు రాష్ట్రాల సరిహద్దు ఉంది గాని, ఆ సంగతి రాయికి ఎవరూ చెప్పలేదు. ఇదంతా దుకాణదారుకు ఓపిగ్గా వివరించాను. ఆయన కూడా ఓపిగ్గానే విన్నాడు.

"మంచిది మేడం. మరి షాబాద్ ఇయ్యమంటరా, తాండూరు ఇయ్యమంటరా?" అని అడిగాడు.

అప్పటిదాకా కొంగుతో విసురుకుంటూ కూర్చున్న అత్తమ్మ తన ఊరి పేరు చెప్పి, "ఆ రాయి ఉందా బాబూ?" అంది.

"గా పేరుతోని రాయి లేదమ్మా. నేను ఇననే లేదు."

"ఉంది. మా కోడలి ఆఫీసులో ఉంది," అని ఆమె నావైపు చూసింది, నువ్వూ ఒక మాట చెప్పు అన్నట్టు.

నేను బండల వైపు చూశాను. ఆ పేరు తీసేయాలని కొద్ది రోజుల క్రితమే నేను ఆఫీసులో రాసిచ్చాను. ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఆ ఊరి పేరు నేను ఇక్కడ రాయడం లేదు. దానికో కారణం ఉంది, వస్తుంది.

మా పుట్టింటివాళ్లది సరూర్‌నగర్ పక్కన పాత ఊరు. మేం ఎక్కడికీ పోలేదు, సిటీయే వచ్చి మా మీద పడింది. అత్తమ్మ వాళ్లది పల్నాడులో కృష్ణ ఒడ్డు. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పే పని దొరికాక సంబంధాలు ఇటువైపు చూశారు. పెళ్లిచూపుల్లో అందరూ వంట వచ్చా, పాట వచ్చా అని అడుగుతారని మా అమ్మ నన్ను వారం పాటు తయారు చేసింది. అత్తమ్మ మాత్రం నా ఉద్యోగం గురించే అడిగింది.

"రాళ్లతో నీకేం పనమ్మా?"

"పేర్లు పెడ్తమండీ," అన్నాను. చాలా విషయం వదిలేసి చెప్పిన మాట అది. పెళ్లిచూపుల్లో అంతకంటే ఎక్కువ చెప్పకూడదని మా నాన్న కళ్లతోనే చెప్పాడు.

"మా ఊరి పేరు ఏ రాయికన్నా పెట్టారా?"

"చూసి చెప్త."

మర్నాడు ఆఫీసులో పాత రిపోర్టులు తిరగేస్తే నిజంగానే ఉంది. ఆ ఊరి పేరుతో ఒక సున్నపురాయి పొర. మా నాన్న వాళ్లకు ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు. జాతకాలు కలిసి ఆ సంబంధం కుదిరిందని మా అమ్మ ఇప్పటికీ అనుకుంటుంది. నేను ఆమె నమ్మకాన్ని చెడగొట్టలేదు.

ఆ రాయి చరిత్ర కొంచెం చెప్పాలి. చరిత్ర అంటే తగాదాలే. తెల్లదొరల కాలంలో ఒక దొర గుర్రం మీద తిరిగి, కర్నూలు నుంచి పల్నాడు దాకా కనబడ్డ సున్నపురాళ్లనూ వాటి తోటి రాళ్లనూ ఒకే గాటన కట్టి, కర్నూలు సిరీస్ అని రాసి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చినవాళ్లు అంత పెద్ద కుటుంబం ఒకే చూరు కింద ఉండలేదని వేరు పెట్టారు. కడప వైపు ఒక పొరకు అక్కడి ఊరి పేరు వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చాక ఇంకొకాయన జీపులో వచ్చి పల్నాడులో అత్తమ్మ వాళ్ల ఊరి పక్కన డేరా వేశాడు. అక్కడి సున్నపురాయిలో సన్నటి గులాబీ చారలు కనిపించాయి. ఇది వేరే పొర అని తేల్చి ఆ ఊరి పేరు పెట్టాడు. ఇంకో పెద్దమనిషి వచ్చి, ఇది వేరే పొరేనా అని అనుమానపడి, మ్యాపులో ఆ పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. ఆ ప్రశ్నార్థకం చాలా ఏళ్లు ఉంది. ఈలోగా, సిరీస్ అన్న మాట కాలానికే వాడాలి, రాళ్లకు వాడరాదు అని పెద్దలు నిర్ణయించడంతో, సిరీస్ కాస్తా గ్రూపయింది. ఇన్ని జరిగినా రాళ్లకు మాత్రం ఏమీ కాలేదు.

పొరకు పేరు పెట్టడానికి మాకో పద్ధతి ఉంది. ఆ రాయి ఎక్కడ అడుగు నుంచి పై దాకా చక్కగా కనిపిస్తుందో ఆ చోటి పేరు పెట్టాలి. ఆ లెక్కన వాగు అవతల ఉన్న పల్లె పేరు పెట్టాల్సింది. వాగు కోసిన గట్టులో పొర మొత్తం కనిపించేది అక్కడే. కాని ఆ పల్లెకు జీపు పోదు. పైగా ఇవతలి ఊళ్లో మజ్జిగ ఇచ్చారు. రాళ్లకు పేర్లు పెట్టినవాళ్లు మజ్జిగ ఇచ్చిన ఊళ్లను మర్చిపోలేదని నేను చాలా మ్యాపుల్లో గమనించాను.

ఆ మజ్జిగ ఇచ్చింది అత్తమ్మ వాళ్ల నాన్నే. ఆమె అప్పటికి చిన్నపిల్ల. "మా అరుగు కూడా సుత్తి పెట్టి కొట్టి చూశాడు ఆ ఆఫీసరు. మా నాయన తిట్టాడు. ఆనక ఎండలో పడి చస్తాడని మజ్జిగిచ్చాడు," అని చెప్పేది. ఆ ముక్క ఊడిన అరుగును పెళ్లయిన కొత్తలో నాకు చూపించింది. నేను చెయ్యి పెట్టి చూశాను. గులాబీ చార బాగానే ఉంది.

మన ఇళ్లలో పిన్నులకూ అత్తలకూ పేర్లుండవు, ఊళ్లుంటాయి. గుంటూరు పిన్ని, తెనాలి అత్తయ్య, వినుకొండ పెద్దమ్మ. ఆ మనిషి ఎక్కడ కనబడుతుందో ఆ చోటి పేరే ఆమె పేరు. మా శాఖ పద్ధతీ అదే కాబట్టి నాకు ఎప్పుడూ వింతగా అనిపించలేదు. అత్తమ్మకు పుట్టిందీ మెట్టిందీ ఒకే ఊరు. మేనబావను చేసుకుని రెండిళ్లు దాటి కాపురానికి వెళ్లింది. అందుకని చుట్టాలందరికీ ఆమె ఆ ఊరి పిన్నే, ఆ ఊరి పెద్దమ్మే. అసలు పేరు రేషన్ కార్డుకు తెలుసు. మా మామయ్యకు తెలిసినా ఆయన ఒక్కనాడూ ఆ పేరు పలికినవాడు కాదు, "ఇదిగో" అనేవాడు. ఆయన పోయాక ఆ ఇదిగో కూడా లేదు.

తర్వాత కృష్ణ మీద ఆనకట్ట కట్టారు. ఊరు నీళ్ల కిందికి పోయింది. బస్సు బోర్డు మీద పేరు పోయింది, ఓటర్ల జాబితాలో పోయింది. జనానికి ఇచ్చిన కాలనీకి ఇంకేదో పేరు పెట్టారు. అత్తమ్మ ఎల్బీ నగర్‌లో మా దగ్గరికి వచ్చేసింది. కొన్నాళ్లకు చుట్టాలు ఆమెను ఎల్బీ నగర్ పిన్ని అనడం మొదలుపెట్టారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. మనిషి ఎక్కడుంటే ఆ పేరు. ఊరు మునిగిన రోజు ఆమె గోడకు తిరిగి కూర్చుని ఏడ్చింది. పిలుపు మారినప్పుడు మాత్రం ఏడవలేదు. ఫోన్ మోగితే వెంటనే తీసుకోవడం మానేసింది. "ఎల్బీ నగర్ పిన్నికి ఇవ్వండి" అని ఎవరైనా అంటే, వేరే ఎవరికో కబురు వచ్చినట్టు కాసేపు ఆగి అప్పుడు వచ్చేది.

అందుకే ఒకరోజు ఆమెకు మా రూల్స్ పుస్తకంలో ఉన్న ఒక మాట చెప్పాను. ఒక ఊరి పేరు పొరకు పెట్టాక, ఆ ఊరు ఖాళీ అయినా, పేరు మార్చుకున్నా, అసలు భూమ్మీద లేకుండా పోయినా, పొర పేరు మారదు. ఆ మాట విని ఆమె ఒక్కసారి లేచి నిలబడింది.

"అట్టా రాసుందా?"

"రాసుంది అత్తమ్మా."

"ఎవరు రాశారో గాని, మంచి కడుపున పుట్టినవాడు."

ఆ తర్వాత ఇంటికి ఎవరొచ్చినా నన్ను పిలిచి, సత్యనారాయణ వ్రతంలో కథ చెప్పించినట్టు ఆ రూలు చెప్పించేది. కొత్తపేట రైతు బజారుకు వెళ్తే సాక్ష్యం కూడా దొరికింది. అక్కడి పండ్ల మార్కెట్‌ను ఎత్తేసి ఊరి బయటికి పంపి చాలా కాలమైంది. అయినా ఆటో అతను "పండ్ల మార్కెట్ కాడ దింపాల్నా అమ్మా?" అని అడిగాడు.

"యాడుందయ్యా మార్కెట్టు?" అంది అత్తమ్మ.

"లేదమ్మా, పోయింది. గాడనే దింపుత."

ఆమె నావైపు తిరిగి, "మీ రూలు ఆటో అబ్బాయికి కూడా తెలుసే," అంది. ఆ రోజు కూరగాయలు బేరం ఆడకుండా కొంది.

ఇలా ఉండగా మా శాఖలో పాత పేర్లన్నీ సరిచూసి కొత్త పట్టిక వేయాలని పని పెట్టారు. మా పెద్దసారు అందరికీ తలా ఒక జిల్లా పంచుతూ, "పల్నాడు మీరు చూడండి మేడం, మీ అత్తగారి వైపే కదా," అన్నారు. చుట్టాలింటికి పంపుతున్నట్టే అన్నారు. నేనూ అలాగే తీసుకున్నాను.

ఈమధ్య వేసిన బోర్లలోంచి తీసిన రాతి కడ్డీలు చెక్కపెట్టెల్లో వరసగా పడుకోబెట్టి ఉంటాయి. కడప వైపు పొరకూ అత్తమ్మ ఊరి పొరకూ మధ్య ఇంతకుముందు ఎవరూ చూడని చోట్లవి. ఒక్కో కడ్డీ తడిపి చూశాను. కింద అదే ఇసుకరాయి, పైన అదే పలకరాయి. మధ్యలో సున్నపురాయి తెగకుండా అటు నుంచి ఇటు వచ్చింది. గులాబీ చారలు ఇటు దట్టంగా ఉన్నాయి, అటు పోయేకొద్దీ పలచబడి పోయాయి. అంతే తేడా. జీపులో వచ్చిన ఆఫీసరు రంగు చూసి పేరు పెట్టాడు, మా బండల దుకాణం ఆయన లాగానే.

వేరే అని తేలాలని నేను కోరుకున్నాను. రాళ్ల ముందు నిలబడి కోరికలు కోరుకునే అలవాటు నాకు లేదు. ఆ ఒక్కసారి కోరుకున్నాను. ముక్కలు ల్యాబుకు పంపాను, మళ్లీ పంపాను. ల్యాబు వాళ్లు విసుక్కున్నారు. ఒకటే రాయి. ఒకే రాయికి రెండు పేర్లుంటే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తర్వాతది పోతుంది. ఇదీ అదే పుస్తకంలో ఉంది, అత్తమ్మ మెచ్చుకున్న రూలుకు కొన్ని పేజీల అవతల. కడప వైపు పేరు ఎంతో ముందుది. రాసిచ్చి ఇంటికి వచ్చాను.

మా ఆయనకు చెప్తే ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "అమ్మకు చెప్పకు. ఆ రిపోర్టు చదివేవాళ్లు దేశం మొత్తం మీద ఎంతమంది ఉంటారు?"

"చదివేటోళ్లు తక్కువున్నరని అబద్ధం రాస్తమా?"

"రాయమనలేదు. చెప్పొద్దంటున్నాను."

లెక్కల మనిషి కదా, ఆయన మాటలో తప్పు దొరకదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది. ఊరుకున్నాను. బండల దుకాణంలో అత్తమ్మ "మా కోడలి ఆఫీసులో ఉంది" అనేదాకా ఊరుకున్నాను. ఆ మాట తర్వాత నావల్ల కాలేదు.

దుకాణం నుంచి వచ్చిన సాయంత్రం ఇద్దరం గోంగూర ముందేసుకుని ఆకు తుంచుతున్నాం. చెప్పాను.

ఆమె చేతులు ఆగాయి. "మునిగిపోయిందని తీసేస్తున్నారా?"

"కాదు అత్తమ్మా. మునిగితే తీయరు. రెండూ ఒకటే రాయి. కడప దిక్కు పేరు ముందుగాల పెట్టిన్రు."

"ఒకటేనని ఎవరు చెప్పారు?"

"నేనే."

"సరిగ్గా చూశావా?"

"మస్తుసార్లు చూసిన."

ఆమె ఒక గోంగూర కట్ట విప్పి, ఆకు తుంచకుండానే మళ్లీ కట్టింది. "ప్రాజెక్టోళ్లు నీళ్లు పెట్టారు. నువ్వు సంతకం పెట్టావు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు తేలికగా ఉండేది. అక్కడే కూర్చుని ఏడ్చాను. ఆమె నన్ను ఓదార్చలేదు, లేచి వెళ్లనూ లేదు. గోంగూర మొత్తం అయ్యేదాకా ఇద్దరం అలాగే కూర్చున్నాం.

నామీద కోపం వస్తే అత్తమ్మ నాకిష్టమైన కూరే వండుతుంది, ఉప్పు మాత్రం తక్కువ వేస్తుంది. చాలా రోజులు అలాగే తిన్నాం. మా ఆయన "చెప్పొద్దన్నానా" అని నోటితో అనలేదు గాని, ఉప్పు డబ్బా నా వైపు జరిపే తీరులో ఆ మాట ఉండేది. ఈలోగా బండలు వచ్చాయి. నేను షాబాద్ అడిగాను, బిల్లులో తాండూరు అని వేశారు. రెండూ ఒకటే అని నేనే కదా చెప్పాను.

కొత్త పట్టిక అచ్చయి వచ్చిన రోజు, దాన్ని హాల్లో బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అత్తమ్మ దాన్ని తీసుకుని వెనక బాల్కనీలో కొత్త బండల మీద కూర్చుంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. "మా ఊరి సంగతి యాడ రాశావో చదువు," అంది.

చివరి పేజీలు తీశాను. తీసేసిన పేర్లకు అక్కడ వేరే పట్టిక ఉంటుంది. ఆమె ఊరి పేరు దగ్గర వేలు పెట్టి, పక్కన ఉన్నది తెలుగులో చెప్పాను. కడప వైపు పొరా ఇదీ ఒకటే. ఈ పేరు ఇక వాడరాదు.

"ఇక వాడరాదని రాశావా?"

"రాసిన."

"మరి తీసేసిన పేరు మళ్లీ ఇందులో ఎందుకు?"

"లేకపోతే రేపు ఎవరన్న తెల్వక ఇదే పేరు మళ్ల పెడ్తరు అత్తమ్మా. ఏది వాడొద్దో చెప్పాలె కదా. ఎన్నిసార్లు పుస్తకం ఏసినా ఈ పట్టిక ఉంటది."

"మీ ఆఫీసరు దిగిపోయినా?"

"ఆయన దిగిపోయినా, నేను దిగిపోయినా."

ఆమె ఆ అక్షరాలను కాసేపు చూసింది. ఇంగ్లీషు రాకపోయినా తన ఊరి పేరు ఎక్కడుందో ఈసారి తనే వేలు పెట్టి చూపించింది.

"అయితే వాడొద్దని చెప్పటానికైనా ప్రతిసారీ మా ఊరి పేరు రాయాల్సిందేగా."

"రాయాల్సిందే."

"మీ మామయ్య నా పేరు ఒక్కనాడూ వాడలా. పేరు లేకుండా పోయిందా ఏంది?" అంది. పుస్తకం నా చేతికిచ్చి, బండ మీద పడ్డ సబ్బు నురగను చీపురుతో తోసింది. నాకు మళ్లీ ఏడుపు వచ్చింది గాని, ఈసారి ఆపుకున్నాను. ఆ పూట కూరలో ఉప్పు సరిపోయింది.

భోజనాలయ్యాక అత్తమ్మ మళ్లీ బాల్కనీ కడుగుతుండగా ల్యాండ్ ఫోన్ మోగింది. మా ఆయన పిన్ని కొడుకు, నాకు మరిది వరస. "వదినా, ఎల్బీ నగర్ పెద్దమ్మ ఉందా?"

రాతలో వాడరాదని నేనే రాశాను కాబట్టి అత్తమ్మ ఊరి పేరు ఇక్కడ రాయలేదు. నోటితో అనకూడదని ఎక్కడా రాయలేదు.

"ఎల్బీ నగర్ పేరుతోని ఇక్కడ ఎవరూ లేరు," అన్నాను.

"అదేంటి వదినా?"

"ఊరు మునిగితే పేరు మారదు. రూలుంది. నీకు ఎవరు కావాలె?"

"పెద్దమ్మే వదినా," అని నసిగాడు. అతనికి గుర్తు రావడం లేదేమోనని, ఊరి పేరు కలిపి, బాల్కనీలోకి వినబడేట్టు నేనే గట్టిగా అన్నాను, ఆ పెద్దమ్మ కావాలా అని.

"ఆ, ఆ పెద్దమ్మే," అని అతనూ ఆ పేరుతోనే అడిగాడు.

నేను పిలిచే పని లేకపోయింది. అత్తమ్మ చీపురు అక్కడే పడేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ, అప్పటికే ఫోన్ దగ్గరికి వచ్చేసింది.